చెత్తకు తిరుగు టపా

మా కాశీవిశ్వనాథం గారికి వీధిలో చెత్త కనిపిస్తే ఎత్తి కుండీలో పడేసే అలవాటు లేదు. అది ఎవరు వేశారో కనిపెట్టి, వాళ్ళ తలుపు తట్టి, రెండు చేతులతో తిరిగి అప్పగించే అలవాటు ఉంది. "ఇది మీదండి. దారి తప్పి మా గుమ్మం ముందుకొచ్చింది, తీసుకోండి" అంటారు. శుభలేఖ ఇచ్చినంత వినయంగా ఇస్తారు. పుచ్చుకున్నవాడికి ఆ పూట అన్నం సయించదు.

మా ఊరి పేరు చెప్పను. పాలకొల్లు వెళ్ళే బస్సులు మా ఊళ్ళో ఆగుతాయని, మాకూ ఒక మున్సిపాలిటీ ఉందని, మా వీధిలో నలభై గడపలున్నాయని మాత్రం చెబుతాను. అంతకు మించి చెబితే మావాళ్ళు నా మీద అర్జీ పెడతారు. అర్జీలు పెట్టడం మా వీధికి తాతలనాటి విద్య. కుళాయి సన్నగా వస్తే ఒక అర్జీ, లావుగా వచ్చి బిందె పొర్లిపోతే ఇంకో అర్జీ. వాటిని రాసిపెట్టేవాణ్ణి నేనే. హైస్కూల్లో తెలుగు మేస్టర్ని. దస్తూరీ గుండ్రంగా ఉంటుంది. 'సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా' అని మొదలుపెట్టానంటే 'చిత్తగించవలెను' దాకా కలం ఆగదు.

తొంభై ఏడు ఎండాకాలంలో మా అర్జీలన్నీ రత్తమ్మ మీదికి తిరిగాయి. రత్తమ్మ మా వీధి ఊడ్చే మున్సిపాలిటీ మనిషి. ఆరేళ్ళుగా టెంపరరీ. కోడి కూయకముందే వచ్చి వీధంతా అద్దంలా ఊడ్చి వెళ్ళిపోతుంది. ఆవిడ వెళ్ళాక మేం లేచి, తీరిగ్గా చెత్త వేస్తాం. మధ్యాహ్నానికి వీధి చూసుకుని, "రత్తమ్మ పని చెయ్యడం లేదు" అనుకుంటాం. అలా రెండు అర్జీలు వెళ్ళాయి.

రత్తమ్మ ఒకనాడు మా గుమ్మం ముందు ఆగి, "మేస్టారండి, ఏడాదిలో మూడు కాయితాలు పడితే తీసేత్తారంటండి. రెండు పడ్డాయి. నేను ఊడిసి ఎల్లిపోయాక మీరేత్తే నేనేం చెయ్యనండి?" అంది. ఏడవలేదు, బతిమాలలేదు. అడిగింది, అంతే. "అంతదాకా రాదులే రత్తమ్మా" అన్నాను. వారం తిరక్కుండానే అంతదాకా వచ్చింది. కొట్టు దొరబాబు సాయంత్రం మా అరుగెక్కి, "మేస్టారూ, మూడోది కూడా రాసెయ్యండి, పీడా పోతుంది" అన్నాడు. నేను "రేపు రాస్తాలెండి" అన్నాను. అరుగు చివర కూర్చుని పేపరు చదువుకుంటున్న విశ్వనాథం గారు పేజీ తిప్పారు. ఆయన అప్పటికి రిటైరై నెలరోజులైంది.

మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి ఆయన దొరబాబు కొట్టు ముందు నిలబడి ఉన్నారు. చేతిలో నలిగిన ఇడ్లీ పొట్లం కాగితం.

"ఇది మీదండి" అన్నారు.

"ఊరంతా ఇడ్లీలు తింటుందండి. నాదని ఎలా చెబుతారు?" అన్నాడు దొరబాబు.

"ఊరంతా తింటుందండి. కానీ కొబ్బరి పచ్చడి నున్నగా నాకేసి, అల్లం పచ్చడి అలాగే వదిలేసేది మీరొక్కరే. లోపల అరటాకు ముక్క చూడండి."

కొట్లో బెల్లం కొంటున్న నలుగురూ తొంగి చూశారు. అల్లం పచ్చడి అలాగే ఉంది.

అలా మొదలైంది. విశ్వనాథం గారు ముప్ఫై ఒక్క ఏళ్ళు రైల్వే మెయిల్ సర్వీసులో సార్టరు. నిడదవోలు జంక్షన్లో నిలబడి, కోడిగీతల చిరునామాలు చదివి, ఏ ఊరి ఉత్తరం ఆ ఊరి గడిలోకి విసిరిన చెయ్యి. ఒక్క ఉత్తరం దారి తప్పలేదని ఆయన ధీమా. "చిరునామా లేని ఉత్తరం ఉండొచ్చేమో గానీ మేస్టారూ, చిరునామా లేని చెత్త ఉండదండి" అనేవారు. శుభలేఖ కవర్ల మీద పేర్లు ఎలాగూ ఉంటాయి. పేరు లేని వాటికి ఆయన దగ్గర వేరే లెక్క ఉండేది. సబ్బు అట్టపెట్టె ఎటు చించారు, పాల ప్యాకెట్టు ఏ మూల కత్తిరించారు, చీపురు పుల్లలు కొబ్బరివా ఈతవా. వారం తిరిగేసరికి వడ్రంగిని పిలిచి వసారా గోడకి నలభై గళ్ళ చెక్క అల్మరా కొట్టించారు. గడికో ఇంటి నంబరు.

ఇంట్లో లేనివాళ్ళకి తలుపుసందులో చీటీ పెట్టేవారు. 'మీరు లేనందున మీ కొబ్బరి చిప్పలు రెండు తిరిగి తీసుకువెళ్ళడమైనది. రేపు పదింటికీ పన్నెండింటికీ మధ్య మా ఇంటివద్ద పొందగలరు.' మూడుసార్లు ఇచ్చినా మళ్ళీ వేసినవాళ్ళకి రిజిస్టర్డు. అంటే పుచ్చుకున్నట్టు సంతకం పెట్టాలి. మా వీధి చివర ప్లీడరు గారు సంతకం పెట్టనని మొండికేశారు. "పెట్టకపోతే 'నిరాకరించబడినది' అని రాసుకుంటానండి" అన్నారు విశ్వనాథం గారు. ప్లీడరు గారికి ఆ మాటతో పాత కోర్టు నోటీసుల భయాలేవో గుర్తొచ్చి గబగబా సంతకం పెట్టారు.

నా సంగతీ చెప్పేస్తాను. నాకు షుగరు. మా ఆవిడ సత్యలక్ష్మి ఇంట్లో పంచదార డబ్బా ఎక్కడ దాచేదో నాకు ఇప్పటికీ తెలియదు. అందుకని వారానికోసారి బస్టాండు దగ్గర రెండు పూతరేకులు కొనుక్కుని, నడుస్తూ తినేసి, కాగితం మా ఇంటికి నాలుగిళ్ళ అవతల పడేసేవాణ్ణి. అంతటి ముందుచూపు నాది. ఒక ఆదివారం నేను పేపరు చదువుకుంటుండగా విశ్వనాథం గారు వచ్చారు. నా వైపు చూడనైనా చూడలేదు. తిన్నగా సత్యలక్ష్మి దగ్గరికి వెళ్ళి, "అమ్మా, మీవారి పూతరేకుల కాగితాలు. నాలుగు వారాలవి" అన్నారు.

"మా ఆయనవేనాండి?" అంది సత్యలక్ష్మి.

"చూడమ్మా, ఎనిమిది మడతలు పెట్టి, అంచులు గోరుతో నొక్కారు. దొంగతనంగా తిన్నా ఇంత పద్ధతిగా తినేవాడు ఈ వీధిలో ఇంకెవరున్నారు?"

ఆ నెలంతా మా ఇంట్లో కాకరకాయే. కాకరకాయ వేపుడు, కాకరకాయ పులుసు, ఉల్లికారం పెట్టిన కాకరకాయ. ఆ కసితో విశ్వనాథం గారి మీద నా మొదటి అర్జీ రాశాను. 'సదరు వ్యక్తి గృహస్థుల ఆంతరంగిక విషయములందు జోక్యము చేసుకొనుచు' అని నాలుగు పేజీలు వచ్చింది. దొరబాబు చదవకుండానే సంతకం పెట్టాడు. నలభై ఇళ్ళకి ముప్ఫై ఎనిమిది ఇళ్ళు సంతకాలు పెట్టాయి. రత్తమ్మ మీద రాయాల్సిన మూడో అర్జీ మాట ఎవరికీ జ్ఞాపకం రాలేదు. ఇంట్లోకే వచ్చి పరువు తీసేవాడు ఉండగా వీధి ఊడ్చే మనిషి మీద కోపం తెచ్చుకునే తీరిక ఎవరికుంది?

ఆయన మీద అర్జీలు పెరిగినకొద్దీ ఆయనకి హుషారు పెరిగేది. "ఈసారి బాగా రాశారండి మేస్టారూ, 'మానసిక క్షోభ' అన్నది బాగుంది" అని వీధిలో ఆపి మెచ్చుకునేవారు. ఇల్లు మాత్రం నానా కంగాళీగా ఉండేది. ఏడాది ఆఖరుకి చాలామంది చెత్త తిరిగి పుచ్చుకోవడం మానేశారు. పుచ్చుకోనిదంతా ఆయన గళ్ళలో పేరుకుపోయింది. ఆయన భార్య శ్యామలాంబ గారు మా ఆవిడతో, "అందరి మొగుళ్ళూ సాయంత్రం మల్లెపూలు తెస్తారు సత్యలక్ష్మీ. మా ఆయన ప్లీడరు గారి అగ్గిపెట్టెలు తెస్తారు" అని వాపోయేవారు.

తొంభై ఎనిమిది జనవరిలో మున్సిపాలిటీ కొత్త పద్ధతి పెట్టింది. నెలలో ఒక ఆదివారం వీధివాళ్ళంతా కలిసి తమ వీధి తామే శుభ్రం చేసుకోవాలి. అందుకు మున్సిపాలిటీ గంపలు, చీపుళ్ళు, పారలు, బ్లీచింగు పౌడరు ఇస్తుంది, చెత్త ఎత్తుకెళ్ళడానికి ట్రాక్టరు పంపుతుంది. ముందుకొచ్చిన వీధికి ఊడ్చే మనిషి ఎప్పటిలాగే ఉంటుంది. రాని వీధిని కాంట్రాక్టరుకి అప్పగించేస్తారు, పాత మనిషికి పని ఉండదు. కబురు చెప్పడానికి వచ్చిన శానిటరీ ఇనస్పెక్టరు ఉదయ్‌భాస్కర్ కుర్రవాడే గానీ రూలు మనిషి. "ఆదివారం తొమ్మిదింటికి వస్తానండి. మీ వీధి పనిచేస్తే రత్తమ్మ ఉంటుంది, లేకపోతే లేదు" అని తేల్చి చెప్పాడు.

ఈ మాటతో వీధికి కాస్త సిగ్గేసింది. రత్తమ్మ ఉద్యోగం మా చేతుల మీదుగా పోయిందంటే ఊళ్ళో తలెత్తుకోలేం. దొరబాబు కూడా, "ఎంతైనా మన రత్తమ్మ కదండి" అన్నాడు. మూడో అర్జీ రాయమన్న నోటితోనే అన్నాడు.

అయితే మా ప్రాంతంలో ఒక పద్ధతి ఉంది. ఇంటికి పెద్దమనిషి వస్తున్నాడంటే, ఆయన గుమ్మంలో కాలు పెట్టేలోగా ఇల్లు కడిగేసి ఉండాలి. వచ్చాక చీపురు పడితే ఇంటికి పరువు తక్కువ. ఆ ఆదివారం తెల్లవారకముందే నలభై ఇళ్ళ ఆడవాళ్ళూ లేచారు. మగవాళ్ళని లేపారు. ఏడింటికల్లా వీధంతా ఊడ్చి, చెత్త పక్కవీధిలోకి నెట్టి, కళ్ళాపి జల్లేశారు. శ్యామలాంబ గారి ఆధ్వర్యంలో ఈ చివర్నుంచి ఆ చివరికి ముగ్గు వేశారు. చుక్క తప్పలేదు. రత్తమ్మ వచ్చి వీధి మొగలో నిలబడి, చేతులు కట్టుకుని, "ఈయాల నేను చూత్తానండి, మీరు ఊడవండి" అనబోయి ఆగిపోయింది. ఊడవడానికి ఏమీ లేదు.

తొమ్మిదింటికి ట్రాక్టరు, ఆరు గంపలు, ఒక ఫొటోగ్రాఫరుతో ఉదయ్‌భాస్కర్ దిగాడు. వీధి చూశాడు. ముగ్గు తొక్కకుండా గోడవారగా నడిచి వచ్చాడు.

"చెత్తేదండి?"

"ఊడ్చేశామండి" అన్నాం నలభై ఇళ్ళవాళ్ళం గర్వంగా.

"ఎవరు ఊడ్చారు?"

"మేమేనండి. మీరొస్తున్నారని."

"నేనొచ్చాక ఊడవాలండి. మీరు ఊడ్చారో, రోజూలాగే రత్తమ్మ ఊడ్చేసిందో నాకేం తెలుసు? ఆరు గంపల చెత్త నా ఎదుట ఎత్తాలి, ఫొటో తీయాలి. రూలండి. పదకొండింటికి వేరే వార్డుకి వెళ్ళాలి. అప్పటికి కాకపోతే మీ వీధి రాలేదని రాసుకుంటాను."

అందరం రత్తమ్మ వైపు చూశాం. ఆవిడ నేలకేసి చూస్తోంది. ఆరేళ్ళు మేం చెత్త వేసి ఆవిడ ఉద్యోగం మీదికి తెచ్చాం. ఆ ఒక్కరోజు వెయ్యకుండా తెచ్చాం.

దొరబాబు గంప పట్టుకుని పక్కవీధికి పరిగెత్తాడు, పొద్దున్న నెట్టిన చెత్త వెనక్కి తెద్దామని. అక్కడ పదిమంది చీపుళ్ళు పట్టుకుని కాపలా ఉన్నారు. "ఇవ్వమండి. వచ్చే ఆదివారం మా వీధి వంతు. మాకు కావాలి" అన్నారు.

"అది మా చెత్తండి" అన్నాడు దొరబాబు.

"మా వీధిలోకి వచ్చాక మాదే" అన్నారు వాళ్ళు.

దొరబాబు ఖాళీ గంపతో తిరిగొచ్చాడు. పదిన్నర అయింది. ఉదయ్‌భాస్కర్ వాచీ చూసుకున్నాడు. అప్పుడు విశ్వనాథం గారు గొంతు సవరించుకుని, "ఇనస్పెక్టరు గారూ, మా ఇంట్లో కొంత నిలవుందండి. ఇంటివారీగా ఉంది" అన్నారు.

ఆ తరవాత జరిగింది మా వీధి ఎన్నటికీ మరిచిపోదు. ఆయన వసారాలో అల్మరా ముందు నిలబడ్డారు. ఉత్తరాలు పిలిచినట్టు నంబర్లు పిలిచారు. "పద్నాలుగు బై మూడు, దొరబాబు గారు, ఇడ్లీ పొట్లాలు, ఇరవై రెండు." దొరబాబు వెళ్ళి దోసిట్లో పుచ్చుకున్నాడు. "పద్నాలుగు బై పదకొండు, ప్లీడరు గారు, అగ్గిపెట్టెలు, ఒక చెప్పు. రెండో చెప్పు మీ ఇంట్లోనే ఉండాలండి, చూసుకోండి." ఇన్నాళ్ళూ పుచ్చుకోం అని భీష్మించుకున్నవాళ్ళంతా వరసలో నిలబడి, ఎవరిది వాళ్ళు పుచ్చుకుని, శ్యామలాంబ గారి ముగ్గు మీద పోసి, మళ్ళీ గంపల్లోకి ఎత్తారు. ఫొటోగ్రాఫరు తీస్తూనే ఉన్నాడు. నా నంబరు పిలిచినప్పుడు మా ఆవిడ నా పక్కనే ఉంది. కాకరకాయ నెల తరవాత కూడా నేను బస్టాండు వైపు వెళ్తూనే ఉన్నానని ఆవిడకి అప్పుడే తెలిసింది. అయినా కాగితాలు నా చేతిలోంచి తీసుకుని తనే గంపలో వేసింది. అది రత్తమ్మ కోసం.

పదకొండుకి అయిదు నిమిషాలుండగా ఆరో గంప ట్రాక్టరెక్కింది. ఉదయ్‌భాస్కర్ మా వీధి ఫైలు తెరిచి, 'అర్హత' అని రాసి, పేజీలు తిరగేస్తూ ఆగాడు.

"నాకో సందేహమండి. ఈ వీధి నుంచి ఏడాదిలో పద్నాలుగు అర్జీలొచ్చాయి. మొదటి రెండూ రత్తమ్మ మీద. మిగతా పన్నెండూ విశ్వనాథం గారి మీద. రత్తమ్మ మీద మూడోది పడివుంటే నిరుడే తీసేసేవాళ్ళం. ఆవిడ అంత మారిపోయిందా?"

"నేనేం మారలేదండి" అంది రత్తమ్మ. "అప్పుడూ అంతే ఊడ్చాను, ఇప్పుడూ అంతే. ఆ బాబుగారే నా మీద పడే కాయితాలన్నీ ఆయన మీద ఏయించుకున్నారండి. నాకు తెలీదనుకుంటన్నారు. మొదట్లో నేనూ తిట్టానండి, నా పని లాగేసుకుంటన్నారని. తరవాత లెక్కేసుకుంటే తెలిసింది."

అరుగు చివర పేజీ తిప్పిన మనిషి నాకు కళ్ళకి కట్టాడు. మూడో అర్జీ నేను ఎందుకు రాయలేదో ఇన్ని నెలలూ నాకే తెలియలేదు. సిగ్గు, సంతోషం ఒక్కసారే వచ్చాయి. విశ్వనాథం గారు మాత్రం తప్పు పట్టుబడ్డ గుమాస్తాలా అయిపోయారు.

"ఈ వీధికి ఎవరో ఒకరి మీద రాయకపోతే తోచదు కదండి" అన్నారు మెల్లిగా. "ఆవిడ మీద రాస్తే ఉద్యోగం పోతుంది. నా మీద రాస్తే ఏం పోతుంది? రిటైరైనవాణ్ణి. సర్వీసులో ఉండగా ఒక్క ఉత్తరం దారి మళ్ళించిన పాపాన పోలేదండి. ఈ అర్జీలే మళ్ళించాను."

దొరబాబు కొట్లోకి వెళ్ళి అందరికీ గోలీ సోడాలు తెచ్చాడు. సోడా తాగాక సీసా ఎక్కడ పెట్టాలా అని ప్రతివాడూ దిక్కులు చూశాడు.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం విశ్వనాథం గారు దిగులుగా మా అరుగెక్కారు.

"ఏంటండీ, ఒంట్లో బాగోలేదా?" అన్నాను.

"వీధిలో ఎవరూ నన్ను తిట్టడం లేదండి. పొద్దున్న ప్లీడరు గారు నమస్కారం కూడా పెట్టారు. నాకు భయంగా ఉంది."

"మంచిదే కదండి."

"ఏం మంచి మేస్టారూ. రత్తమ్మ పర్మనెంటు కాగితాలు ఆఫీసులో కదులుతున్నాయి. జూన్ దాకా పడుతుందట. మనవాళ్ళు ఇన్ని నెలలు అర్జీ పెట్టకుండా ఉండగలరా? ఖాళీగా ఉంటే మళ్ళీ ఆవిడ మీద పడతారు. మీరు నా మీద ఒకటి రాయండి. గట్టిగా."

నేను కాగితం తీశాను. ఆయన పక్కన కూర్చుని చెబుతూ రాయించుకున్నారు. 'మిక్కిలి దుర్మార్గుడు' అని రాస్తే కళ్ళజోడు సర్దుకుని చదివి, 'మిక్కిలి' బదులు 'పరమ' పెట్టమన్నారు. మర్నాడు దొరబాబు అర్జీ పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. సంగతి తెలుసు కనక అందరూ నవ్వుకుంటూ సంతకాలు చేశారు. రత్తమ్మ కూడా వేలిముద్ర వేసింది. అందరికంటే ముందు సంతకం చేసినావిడ శ్యామలాంబ గారు. ఆవిడ మాత్రం నిజంగానే చేశారు.